తాడుకి ఇవతలి చోటు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గుమ్మంలో నిలబడితే నా మాట సగం రోడ్డు పాలవుద్ది. కాళ్ళు చాపుకోండి, ఇక్కడ మర్యాదలేం లేవు. పొయ్యి మీద అన్నం ఉంటే మధ్యలో లేచి చూసుకోండి. నాకు కోపమొస్తే ఆగడం చేతకాదు, ఇది కోపం లేకుండా చెప్పగలిగిన సంగతి కాదు. ఇన్నేళ్ళయింది. తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుద్ది.

మాది రేపల్లె. నాకొక చెల్లి. పుట్టినప్పుడు మంత్రసాని మగపిల్లాడని చెప్పింది. పాపం, ఆమెకి కనపడింది ఆమె చెప్పింది, ఆమెని అనను. మాటలొచ్చిన దగ్గర్నించి మా చెల్లి మాత్రం తను ఆడపిల్లనే అంది. తిట్టారు, కొట్టారు, తాయెత్తు కట్టించారు, మా పాస్టరు గారితో ప్రార్థన చేయించారు. ఏం చేసినా అదే మాట. వయసొచ్చాక చీర కట్టింది, జుట్టు పెంచింది. ఊళ్ళో ఏమేం పేర్లు పెట్టారో నేను రాయను. ఆ మాటలు రాయడానికి కాదు నాకు మా అయ్య అయిదో తరగతి దాకా చదువు చెప్పించింది.

దాని బతుకు అది బతికింది. తెల్లారితే నిజాంపట్నం బస్సెక్కి, అక్కడ ఎండేసిన చేపలూ రొయ్యలూ బేరమాడి తెచ్చి, రేపల్లెలో కొంత, రైల్లో తెనాలి తీసుకెళ్ళి కొంత అమ్మేది. ఒకరి దగ్గర చెయ్యి చాపలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, చెయ్యి చాపినా తప్పు లేదు. తిండికి దారి మూసేసి, చెయ్యి చాపితే నవ్వే జనానిదే తప్పు.

తొంభైలు అయిపోవస్తన్న రోజులు. హైదరాబాదు నుంచి ఒకమ్మాయి భుజాన కెమెరా పెట్టుకుని వచ్చి, మా చెల్లి వెనకాలే తిరిగింది. దిబ్బల మీద చేపలు తిరగేస్తుంటే తీసింది. వేలంపాటలో పడవల వాళ్ళతో పోట్లాడుతుంటే తీసింది. మా పెరట్లో అంట్లు తోముతుంటే కూడా తీసింది. "అంట్లు ఎవరు చూస్తారమ్మా?" అన్నాను. "చూడాలండి, అవే చూడాలి," అంది ఆ పిల్ల. పెద్ద సినిమాకి ముందు హాల్లో న్యూస్ రీలు వేస్తే మనం బయటికెళ్ళి సోడా తాగొచ్చేవాళ్ళం చూడండి, అలాంటి సినిమా అన్నమాట. పాటలుండవు, ఫైటింగులుండవు. ఉన్న మనుషుల్ని ఉన్నట్టు చూపిస్తారు.

అలాంటి సినిమాలు కొన్ని పోగేశారు వాళ్ళు. ఆడపిల్లని ప్రేమించిన ఆడపిల్లలు, మగవాడితో కాపురం చేస్తన్న మగవాడు, మా చెల్లి లాంటివాళ్ళు, వాళ్ళ వాళ్ళ కథలు. తెనాల్లో కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేష్టారు ముందుకొచ్చారు. అద్దెకి టీవీ, క్యాసెట్లు వేసే వీడియో డెక్కు తెచ్చి, బాపట్లలో ఒకరోజు, తెనాల్లో ఒకరోజు, ఆఖరిది రేపల్లెలో వేద్దామన్నారు. సినిమాల పండగని దానికి పేరు. మా అమ్మకి చెబితే, "పండగా? ఏ పండగ? దేవుడెవరు?" అంది.

"దేవుళ్ళం మేమేనే అమ్మా," అంది మా చెల్లి.

"నోర్ముయ్, కళ్ళు పోతాయి," అంది అమ్మ.

మా చెల్లి నవ్వింది గానీ, ఆ రాత్రి నాతో అంది: "అక్కా, బాపట్ల, తెనాలి ఎట్టా పోయినా పర్లేదు. రేపల్లెలో అమ్మ రావాలి. నేను అమ్మ పక్కన కూర్చుని చూడాలి." అంతే అది కోరుకుంది. మేడలడగలేదు, మిద్దెలడగలేదు. కూర్చోడానికి జానెడు చోటు.

ముందు బాపట్ల. మేష్టారు మంచి మనిషి, ఆ మంచితనమే కొంప ముంచింది. ఉన్న సంగతి గోడ మీద రాస్తే గొడవలవుతాయని, "ఎవరూ మాట్లాడని విషయాలపై వీడియో ప్రదర్శన. ప్రవేశం ఉచితం" అని కాగితాలు అంటించారు. మీరే చెప్పండి, ఆ రోజుల్లో వీడియో అని, ఎవరూ మాట్లాడని విషయాలు అని రాస్తే జనం ఏమనుకుంటారు? మగాళ్ళు తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా బిలబిలా వచ్చి కూర్చున్నారు. ఒక్క ఆడమనిషి లేదు. నేనూ, మా చెల్లీ, దానిలాంటివాళ్ళే దాని నేస్తాలు ఇద్దరూ డెక్కు పక్కన గోడకానుకుని నిలబడ్డాం.

మొదటి సినిమాలో ఎక్కడో ఉత్తరాదిన ఇద్దరు ఆడవాళ్ళు కుట్టుమిషను పెట్టుకుని ఒకే ఇంట్లో బతుకుతున్నారు. ఒకామె పిండి కలుపుతుంటే ఇంకొకామె ఉప్పెక్కువైందని గొణుగుద్ది. కాసేపు చూసి ఒకాయన మేష్టారి చెవి దగ్గరికొచ్చాడు.

"ఎప్పుడు మొదలవుద్దండి?"

"మొదలైందండి."

"ఇదా? పిండి కలుపుతున్నారేంటండీ?"

"చపాతీలకండి."

"చపాతీలు మా ఇంట్లోనూ చేస్తారండి!" అని తువ్వాలు దులుపుకుని పోయాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. ఒక్క పెద్దాయన మాత్రం ఆఖరి దాకా కదల్లేదు. చివర్లో ఏమన్నా ఉంటదేమోనని ఆశ. ఆఖరున వేసింది మా చెల్లి సినిమా, అది అంట్లు తోముతుండగా అయిపోయింది. ఆయన లేచి, "గిన్నెలు బాగా తోమింది," అని చెప్పి వెళ్ళాడు.

మేం నవ్వుకున్నాం అప్పుడు. మేష్టారు నవ్వలేదు. "ఆడవాళ్ళు రావాలి. ఆడవాళ్ళుంటేనే దీనికి గౌరవం," అన్నారు. ఆ మాట మీదే తెనాలి కాగితాల మీద పెద్దక్షరాలతో వేయించారు: స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు.

నిజమే, ఆ ఒక్క ముక్క చూసి తెనాల్లో ఆడవాళ్ళు బాగా వచ్చారు. టీచర్లు, ఆఫీసర్ల భార్యలు, కాలేజీ పిల్లలు. హాలు మధ్యన ఈ గోడ నుంచి ఆ గోడకి కొబ్బరి తాడు కట్టారు. కుడి చేతి వైపు ఆడవాళ్ళు, ఎడం చేతి వైపు మగవాళ్ళు. మనకి అలవాటే గదా. సినిమా హాల్లో అంతే, సభల్లో అంతే, గుడిలో అంతే. తాడు కట్టిన మేష్టారికి గానీ, గేటు దగ్గర నిలబడ్డ హాలు మనిషికి గానీ ఒక్క సంగతి తట్టలేదు. ఎవరి బతుకుల గురించి ఈ పండగ చేస్తన్నారో వాళ్ళని ఈ తాడుకి ఎటు కూర్చోబెట్టాలి?

మా చెల్లి ఆ రోజు కనకాంబరాలు పెట్టుకుంది. నేస్తాలిద్దరితో నా వెనకే వచ్చింది. గేటు మనిషి నన్ను చూసి, "ఇటెళ్ళండమ్మా," అన్నాడు. దాన్ని చూసి నోరు తెరిచాడు. మూశాడు. "మీరు... ఎటు?"

"మా అక్క ఎటైతే అటు," అంది.

అడుగు వేసిందో లేదో, ముందు వరసలో పట్టుచీరావిడ, "అయ్యో, ఇటా! ఇక్కడ ఆడపిల్లలున్నారండీ," అంది.

"ఆళ్ళ సినిమా చూడ్డానికే గదమ్మా తమరు వచ్చింది," అన్నాను నేను.

"చూడ్డానికొచ్చాం గానీ, పక్కన కూర్చోడానికి రాలేదు."

విన్నారా ఆ మాట? నేను కల్పించి రాయడం లేదు. ఆ అవతల మగాళ్ళ వైపు నుంచి ఈల. "ఇటు రా పిల్లా, ఒళ్ళో చోటుంది!" అని ఒకడు, దానికి పదిమంది నవ్వులు. ఇటు వాళ్ళు పొమ్మంటారు, అటు వాళ్ళు రమ్మనే తీరేమో అది. మా చెల్లి తాడు దగ్గర నిలబడిపోయింది.

మేష్టారు పరిగెత్తుకుంటూ వచ్చారు. "అమ్మాయ్, మీరు ముఖ్య అతిథులు. టీవీ పక్కన కుర్చీలు వేయిస్తా. దండలు కూడా తెప్పించాను."

"టీవీ పక్కన కూర్చుంటే జనం టీవీ చూస్తారా మేష్టారూ, నన్ను చూస్తారా?"

"అది కాదమ్మా..."

"టీవీలో ఒకసారి బొమ్మని, కుర్చీలో ఒకసారి బొమ్మని. నాకు చూసే చోటు ఇప్పించండి. చూపించే చోటు నాకు రోజూ ఉన్నదే."

మేష్టారు తల దించుకుని, "ఈ ఒక్కరోజు సర్దుకోమ్మా," అన్నారు. సర్దుకోడం! ఈ మాట కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడు మాత్రం జన్మలో సర్దుకుని ఉండడు.

నేస్తాలిద్దరూ ఇంటిదారి పట్టారు. మా చెల్లి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నేనూ వెళ్ళాను. లోపల దాని సినిమా వేశారు. కిటికీలోంచి దాని గొంతు దానికే వినపడతంది. వేలంపాట దగ్గర అది వేసిన జోకుకి లోపల ఆడవాళ్ళు నవ్వుతున్నారు. అది చిన్నప్పటి దెబ్బలు చెబుతుంటే, "అయ్యో పాపం, చ్చొ చ్చొ," అంటున్నారు. అదే ఆడవాళ్ళు! టీవీ అద్దం వెనక ఉంటే పాపం, గుమ్మంలో ఉంటే పాపం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి కిటికీ ఊచలు పట్టుకుని, "మీరు ఏడిచే మనిషి ఇక్కడ మెట్ల మీదుంది, లోపలికి పిలిచి ఏడవండి!" అని అరిచాను. ఎవరో కిటికీ తలుపు మూశారు.

ఇలా తరిమేయించుకోడం మా చెల్లికి కొత్త కాదు. ఎనభైల్లో రేపల్లెలో టూరింగు టాకీసు ఉండేది. అమ్మ మమ్మల్ని తీసుకెళ్ళి ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చోబెట్టేది. పసిపిల్లలైతే మగపిల్లల్ని కూడా రానిచ్చేవాళ్ళు. ఒక సాయంత్రం గేటు దగ్గర మనిషి మా చెల్లి రెక్క పట్టుకుని, "మీసాలొచ్చే దాకా కూర్చోబెడతావా ఏంటమ్మా? అటు పంపు," అని లాక్కెళ్ళి బీడీ పొగల మధ్య పడేశాడు. సినిమా అంతా అది తెర వైపు చూడలేదు, మా వైపే చూసింది. ఆ తర్వాత అమ్మతో సినిమాకి వెళ్ళనే లేదు.

మేం ప్రార్థనకెళ్ళే ఏసు గుడిలోనూ అంతే. ఇటు చాపల మీద ఆడవాళ్ళు, అటు చాపల మీద మగవాళ్ళు. చీర కట్టాక ఒక ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుంది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన నన్ను పిలిచి ఎంతో మెత్తగా చెప్పాడు. "ఇటు కూర్చుంటే ఆడవాళ్ళకి ఇబ్బంది, అటు కూర్చుంటే మగవాళ్ళకి ఇబ్బంది. దేవుడు అన్నిచోట్లా ఉన్నాడమ్మా, మెట్ల మీద కూడా ఉన్నాడు." అయితే తమరు కూడా వెళ్ళి అక్కడే కూర్చోవచ్చు గదండీ! దేవుడికి తోడుగా ఉంటారు! ఆ మాట ఆయన మొహానే అన్నాను. రెండు నెలలు నాతో ఎవరూ మాట్లాడలేదు.

సరే, తెనాలి నుంచి సాయంత్రం రైలెక్కాం. ఎప్పట్లాగే ఆడవాళ్ళ పెట్టె. కూరగాయలమ్ముకుని తిరిగొచ్చేవాళ్ళు, ఖాళీ బుట్టలు, చంటిపిల్లలు. అందులో శనక్కాయలమ్మే ఒకావిడ ఉంది, రోజూ మా చెల్లితోపాటే వచ్చి పోయే మనిషి. దీన్ని చూడగానే అరిచింది: "ఏమే, బుట్టల్లేవు, పూలు పెట్టావు, పెళ్ళిచూపులా? జరగండే, కూర్చోనీండి దాన్ని. ఇయ్యాల కంపు లేదులే!"

నవ్వులే నవ్వులు. జరిగారు. కూర్చుంది. నాకప్పుడు తట్టింది. ఇన్నేళ్ళుగా ఈ పెట్టెలో ఇది ఆడవాళ్ళ మధ్యనే కూర్చుని పోతంది. చేపల బుట్ట మీద ముక్కు మూసుకున్నారు గానీ, దాని మీద ఎవరూ మూసుకోలేదు. చదువుకున్న ఊళ్ళో, దాని గురించే చేసిన పండగలో దొరకని చోటు ఈ చెక్క బల్ల మీద ఉంది. సంతోషపడాలా, ఏడవాలా?

జరిగిందంతా నేనే చెప్పాను. శనక్కాయలావిడ శనక్కాయ ఒలుస్తూ ఒలుస్తూ ఆగింది. "తాడేంటి, గొడ్లనుకున్నారా?" అంది.

"రేపు రేపల్లెలో వేస్తారు. మీరంతా రండి," అన్నాను.

"నేను రాను," అంది మా చెల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వు అమ్మని తీసుకెళ్ళక్కా. నేను మళ్ళీ మెట్ల మీద కూర్చోలేను, మన ఊళ్ళో, అమ్మ చూస్తుండగా."

మర్నాడు నేను ముందే వెళ్ళాను. కూరలు తరిగే కత్తి కొంగులో పెట్టుకుని వెళ్ళాను. మేష్టారు అప్పటికే తాడు కట్టించారు. దాన్ని కోసేస్తానన్నాను.

"కోస్తే ఆడవాళ్ళు లేచిపోతారమ్మా! హాలు వాళ్ళు కూడా ఒప్పుకోరు."

"పోతే పోనీండి. మా చెల్లికి లేని చోటు ఎవరికెందుకు?"

నేను తాడు మీద కత్తి పెట్టేసరికి వెనక నుంచి మా చెల్లి గొంతు. రానన్న మనిషి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఉంది.

"కొయ్యొద్దక్కా."

"ఏంటి కొయ్యొద్దు? నీ కోసమేనే!"

"తాడు తీసేస్తే ఇటూ లేదు, అటూ లేదు. నన్ను ఎక్కడో కలిపేసి కూర్చోబెట్టినట్టు. నాకది కాదు కావాల్సింది. తాడు ఉండనీ. తాడుకి ఇవతల, ఆడవాళ్ళ వైపు, నాకు చోటు కావాలి."

దాని కోపం నా కోపం కన్నా పెద్దదని అప్పుడు తెలిసింది. నేను తాడు మీద పోట్లాడుతున్నాను, అది చోటు కోసం పోట్లాడుతోంది. కత్తి కొంగులో పెట్టేసుకున్నాను.

జనం వస్తన్నారు. మా అమ్మ వచ్చి మూల చూసుకుని చతికిలబడింది. మా గుడి ఆడవాళ్ళు కొందరు వచ్చారు. మా చెల్లి కదిలింది. హాలు మనిషి అడ్డం వచ్చాడు. ఊరు మారినా అదే మనిషి అన్నట్టు అదే తీరు: "ఆడవాళ్ళు మాత్రమేనండి ఇటు. రూలు."

అప్పుడు వచ్చారు రైలు పెట్టెలో వాళ్ళు. ఖాళీ బుట్టలు చంకన పెట్టుకుని, చెమటలు కక్కుకుంటూ. శనక్కాయలావిడ ముందుంది. "ఏంటయ్యా రూలు? రోజూ మా పెట్టెలో మా పక్కన కూర్చుంటది. టీసీ వస్తాడు, చూస్తాడు, పోతాడు. ఆడవాళ్ళ పెట్టెలో మగాడెక్కితే జరిమానా వేసే టీసీయే దీన్ని అడగలేదు. నువ్వెవడివి, రైల్వే మంత్రివా?"

"అట్టా కాదు పిన్నీ..."

"పిన్ని లేదు, పెద్దమ్మ లేదు. జరుగు!"

జరిగాడు. మా చెల్లి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారనుకుంటున్నారా? లేదు. మా గుడి ఆడవాళ్ళలో ముగ్గురు పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయారు. పోతూ పోతూ ఒకావిడ నా మొహంలోకి చూసి, "సిగ్గు లేదు," అంది. "ఉంది, అందుకే కూర్చున్నాం," అన్నాను. వాళ్ళు ఖాళీ చేసిన చోట్లో బుట్టలు పెట్టుకున్నారు రైలు వాళ్ళు.

మా అమ్మ సంగతి చెప్పాలి ఇక్కడ. ఎన్నేళ్ళు చీర కట్టినా, అమ్మ నోట 'మావాడు' అనే మాటే. 'మావాడు నిజాంపట్నం వెళ్ళాడు', 'మావాడు అన్నం తిన్నాడు'. ప్రేమ లేక కాదు, కానీ మాట తిరగలేదు. మేం అడగడం మానేశాం.

సినిమా వేశారు. టీవీలో మా పెరడు కనపడగానే జనం గోల, "ఇదుగో ఆ దానిమ్మ చెట్టు, ఇదుగో ఆ బావి" అని. మా చెల్లి అంట్ల ముందు కూర్చుని ఉంది. అమ్మ కళ్ళు చికిలించి చూసింది. చూసి, హాలంతా వినపడేలా కేకేసింది: "నా చీర! ఆ నీలం అంచుది నాదే! కనపడటం లేదని ఊరంతా వెతికాను. నా చీర కట్టుకుంది చూడు, దొంగది!"

'కట్టుకుంది' అంది. 'కట్టుకున్నాడు' అనలేదు. చీర పోయిన కోపంలో వచ్చేసిందో, ఏంటో. అమ్మని ఎప్పుడూ అడగలేదు. మా చెల్లి, "ఇస్తాలేవే, గోల చెయ్యకు," అని అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది. అది దెబ్బ తిని నవ్వుతోంది, నవ్వుతూ ముక్కు తుడుచుకుంటోంది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. మీకూ బాగుండును. కానీ నేను ఆపను, ఎందుకంటే అక్కడితో ఆగలేదు.

మర్నాడు బజారుకెళ్తూ ఆ హాలు ముందు నుంచి పోతున్నాను. పరిచిన జంపఖానాలు బయటేసి ఫినాయిలు పోసి కడుగుతున్నారు. అన్నీ కాదు. ఆడవాళ్ళ వైపు పరిచినవే. మగవాళ్ళ వైపువి లోపల చుట్టబెట్టి అలాగే ఉన్నాయి, బీడీ ముక్కలతో సహా. "ఎవరు కడగమన్నారు?" అన్నాను. ఆ కడిగే ఆయన, "నాకేం తెలుసమ్మా, పైన చెప్పారు," అన్నాడు. పైన! ఎంత పైన? బకెట్టు ఎత్తి ఆ ఫినాయిలు నీళ్ళు హాలు గుమ్మంలో గుమ్మరించి వచ్చాను. "ముందు ఇది కడగండి," అని చెప్పి మరీ వచ్చాను.

ఇంటికొచ్చి చెబితే మా చెల్లి తూకం రాళ్ళు సర్దుకుంటూ, "ఎండు చేపల వాసనకి కడిగుంటారులే అక్కా," అంది. ముందు రోజు అది బుట్ట ముట్టలేదు. స్నానం చేసి, పౌడరు రాసుకుని వెళ్ళింది. ఆ సంగతి దానికి తెలుసు, నాకు తెలుసు. అయినా అది బుట్ట నెత్తినెత్తుకుని రైలుకి వెళ్ళింది, అమ్మేవి ఉన్నాయి గనక.

నేను మాత్రం ఆ ఫినాయిలు వాసన మరిచిపోలేదు. మీరూ మరిచిపోవద్దని రాశాను.

ఓపిగ్గా కూర్చుని విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద ఎసరు ఆరకూడదు, మీ పిల్లలు ఎలా పుడితే అలా, ఎలా పెరిగితే అలా మీ కంచాల ముందే కూర్చోవాలి. మీ గడప దాటి వచ్చిన ఏ మనిషినీ 'ఎటు?' అని అడిగే అవసరం మీ ఇంట్లో ఎవరికీ రాకుండా ఆ దేవుడు చూడాలి. మెట్ల మీద ఉన్నాడో, లోపలే ఉన్నాడో, ఎక్కడున్నా సరే.